దేశాలు తిరిగిన తాళంచెవి

తాళాలక్క మెట్లెక్కి వచ్చేసరికి అరుపులు అయిపోయాయి, పరుగులు అయిపోయాయి. ఇక మిగిలింది తగవే.

హాల్లో కుర్చీలో ఎవరో పరాయి మనిషి కూర్చుని తాపీగా బూట్లు విప్పుకుంటోంది. నెరిసిన జుట్టు, తెడ్డు వేసి వేసి మొద్దుబారిన అరచేతులు, పక్కన ఒక గుడ్డసంచి. వంటింటి గుమ్మంలో మరదలు గరిటె ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. కొట్టాలో వడ్డించాలో తేల్చుకోలేని చెయ్యి అది. కింద కొట్టు వదిలేసి పరుగెత్తుకొచ్చిన తమ్ముడు ఇద్దరి మధ్యా నిలబడి రొప్పుతున్నాడు.

"అక్కా, ఈవిడెవరు?"

అక్క పనిముట్ల సంచి కింద పడేసి, వెళ్ళి ఆ మనిషి రెండు చేతులూ పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. ఆ మనిషి నవ్వి, మెడలో తాడు పైకి లాగి చూపించింది. తాడుకి ఒక తాళంచెవి, దాని పక్కనే కొట్టు చిరునామా చెక్కిన ఇత్తడి బిళ్ళ.

"ఎవరో తర్వాత అడగండి. ఎలా వచ్చిందో ముందడగండి," అంది మరదలు. "బెల్లు కొట్టలేదు. తలుపు తట్టలేదు. తాళం తిరిగిన చప్పుడైతే మీరే అనుకున్నా. వెనక్కి తిరిగితే ఈవిడ. సొంతింటికొచ్చినట్టు వచ్చి, నాకో నవ్వు పారేసి, కూర్చుంది. నా గుండె జారి పొయ్యిలో పడింది."

తమ్ముడు ఆ తాళంచెవి వంక చూశాడు. రంపప్పళ్ళు కోసిన తీరు చూస్తే చాలు, ఎవరి చెయ్యో చెప్పగలడు. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన చెయ్యే.

"ఇది నువ్వు కోసిందే," అన్నాడు.

"అవును."

"మనింటి తాళంచెవి."

"మనింటిదే."

"పరాయి దేశం మనిషికి."

"నాకు పరాయిది కాదురా."

మంచం మీంచి అమ్మ గొంతు వచ్చింది. విరిగి మంచాన పడింది నడుమే గాని చెవులు కాదు. "ఎవరే వచ్చింది? అన్నం తిన్నదో లేదో అడిగారా?"



*

వాళ్ళది తాళాల ఇల్లు. కింద కొట్టు, పైన కాపురం. పైన ఇంటి తలుపుకున్న తాళం వాళ్ళ నాన్న సొంతంగా చేసింది. తలుపు నెడితే తనంతట తనే పడుతుంది. లోపలినుంచి బుడిపె తిప్పి తీసుకోవాలి, బయటినుంచి తాళంచెవి ఉండాలి. బయటినుంచి రెండో చుట్టు తిప్పారంటే లోపలి బుడిపె కూడా కదలదు. లోపల తాళంచెవి పెట్టే కంత లేదు. "దొంగ కిటికీలోంచి దూరినా తలుపులోంచి సామాను మోసుకుపోలేడు," అని నాన్న మురిసిపోయేవాడు.

నాన్న కొట్టుకి ఒక కట్టు పెట్టాడు. తాళం యజమాని ఎదురుగా నిలబడితే తప్ప మారుచెవి కోయకూడదు. యజమాని అంటే ఎవరు? ఆ తలుపు వెనక నిద్రపోయే ప్రతి ఒక్కరూ యజమానే. ఒకరికి తెలిసి మరొకరికి తెలియకుండా కోస్తే, కోసినవాడే దొంగ.

దేశాలు తిరిగిన రోజుల్లో అక్క ఆ కట్టు తప్పింది. ఒక్కసారి కాదు.

"ఇంకెవరెవరి దగ్గరున్నాయి?" అన్నాడు తమ్ముడు.

అక్క వేళ్ళు మడిచింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ మడిచింది.

"లెక్క కూడా తెలీదా నీకు?"

"తెలుసు. చెబితే నీకు కోపం వస్తుందని."

"ఇప్పుడు నేను పాట పాడుతున్నానా?"

పడవామెకి, అంటే కుర్చీలో ఉన్న మనిషికి, భాష తెలియదు. కాని తగవుకి భాషతో పనేముంది. మొహాలు చూస్తోంది. మరదలు గరిటె దించి, లోపలికి వెళ్ళి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి విసురుగా ఆమె ముందు పెట్టింది. భయపెట్టినదానికి కోపం, వచ్చినదానికి నీళ్ళు. రెండూ ఒకే చేత్తో.

"ఇసుక దేశంలో ఒక లారీ డ్రైవరింట్లో ఉంది," అంది అక్క. "బస్సు ఇసుకలో కూరుకుపోయింది. ఎవరి దారిన వాళ్ళు పోయారు. లారీ ఆపినాయన నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు, ఇంటికి తీసుకెళ్ళాడు. తెల్లారేసరికి తలుపు సగం దాకా ఇసుక. గాలి ఆగదు, బయటికి పోలేం, కుండలో నీళ్ళు అడుక్కొచ్చాయి. పిల్లలకెంత పోశారో నాకూ అంతే పోశారు. గాలి తగ్గాక డబ్బు తీశాను. ఆయన భార్య మొహం తిప్పుకుంది, తిట్టినట్టయింది నాకు. నా దగ్గర ఇంకేముందిరా? ఆకురాయి ఉంది. పళ్ళు కోయని ఖాళీ తాళంచెవులున్నాయి. మనింటి చెవి నమూనాగా పెట్టుకుని కూర్చున్నా."

"అలా మొదలైందన్నమాట."

"అలా మొదలైంది."

"తర్వాత?"

"దీవిలో స్కూలు వంటామెకి. నా పడవ నన్ను వదిలేసి పోయింది. నెల దాకా ఇంకో పడవ లేదు. తరగతి గదిలో బల్లలు జరిపి పక్క వేసింది. ఆ దీవి మొత్తానికి ఒకటే మంచినీళ్ళ తొట్టి, దానికి తాళం. తాళంచెవి సముద్రంలో పడిపోయిందని గొడ్డలి తెచ్చారు. గొడ్డలి ఎందుకయ్యా అని ఆ తాళం తీసిపెట్టా. అంతే, నెల్లాళ్ళూ నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు."

"వాళ్ళకి నువ్వు సాయం చేశావుగా. చెల్లుకి చెల్లు. మళ్ళీ చెవి ఎందుకు?"

"పక్క వేసింది తాళం తీయకముందురా."

 తమ్ముడు గొంతు పెంచాడు. "ఇంకా?"

అక్క కొంచెం నసిగింది. "కొండల దేశంలో ఒక పోలీసుకి."

"పోలీసుకా."

"సరిహద్దు దగ్గర నా సంచి విప్పారు. ఆకురాళ్ళు, కొక్కేలు, గుత్తులకొద్దీ తాళంచెవులు. దొంగలకి పెద్దక్క దొరికిందనుకున్నారు. లోపలేశారు. ఆ గది తాళం తుప్పు పట్టి సరిగ్గా పడేది కాదు. కాపలా ఆమె పాపం రోజూ తలుపు తన్ని తన్ని వేసేది. చూడలేకపోయా. ఊచల్లోంచి చెయ్యి పెట్టి బాగుచేశా."

"నిన్నేసిన జైలు తాళం నువ్వే బాగుచేశావా?"

"పని పనేగా."

మంచం మీద అమ్మ కిసుక్కున నవ్వింది. మరదలు మొహం పక్కకి తిప్పుకుంది, పెదవి కొరుక్కుంటూ. తమ్ముడొక్కడే నవ్వలేదు.

"వదిలేశాక ఆ కాపలా ఆమే తన ఇంటికి తీసుకెళ్ళింది. చలికి నా కాళ్ళు పగిలి నెత్తురొస్తుంటే వాళ్ళమ్మ నూనె రాసింది. ఎవరు రాస్తార్రా ఎవరికైనా? ఇక ఈమె," అక్క పడవామె భుజం మీద చెయ్యి వేసింది. "నది దాటించే పడవ ఈమెది. జ్వరంతో పడవలోనే పడిపోయా. అవతలి ఒడ్డున దింపేసి పోవచ్చు. దింపలేదు. తన మంచం నాకిచ్చి తను పడవలో పడుకుంది. బయట నీళ్ళు గడ్డ కడుతున్నాయి. నాకు తెలివొచ్చాక తెలిసింది."

 పడవామె మాట తన గురించేనని పసిగట్టి నీళ్ళ గ్లాసు కొంచెం పైకెత్తి అందరికీ చూపించి తాగింది.

"మంచిదే," అన్నాడు తమ్ముడు చివరికి. గొంతు తగ్గింది గాని మెత్తబడలేదు. "అందరూ మంచివాళ్ళే. నేను కాదన్లేదు. కాని నువ్విచ్చిన చెవి వాళ్ళ చేతుల్లోనే ఉంటుందా? రేపు పారేసుకుంటారు, ఎవడికో దొరుకుతుంది. పైగా బిళ్ళ మీద చిరునామా చెక్కి మరీ ఇచ్చావు. దొంగకి దారి చూపించి, దీపం కూడా పట్టినట్టు. నేను పగలంతా కింద కొట్లో ఉంటా. నువ్వు తాళాలు తీయడానికి ఊరంతా తిరుగుతుంటావు. ఇక్కడ లేవలేని అమ్మ, వంటింట్లో ఇది. తలుపు తెరుచుకుని ఎవడొస్తాడో తెలీదు. నాన్న పెట్టిన కట్టు నీకు గుర్తులేదా?"

"ఉంది."

"మరి నన్నడిగావా?"

"అడగలేదు."

"అయితే విను. పొద్దు వాలేలోగా ఈ తాళంలో లివర్లు మారాలి. పాత చెవి ఒక్కటి కూడా తిరగడానికి వీల్లేదు. ఇచ్చింది నువ్వు, మార్చేదీ నువ్వే. మార్చనంటావా, అమ్మని తీసుకుని మేం వేరే ఇల్లు చూసుకుంటాం. కొట్టు కూడా పంచుకుందాం."

అనేసి తమ్ముడే ఉలిక్కిపడ్డాడు. నాన్న పోయిననాడు కూడా ఆ ఇంట్లో పంపకం మాట రాలేదు.

అక్క పడవామె వైపు తిరిగి, ఆమె భాషలో తనకొచ్చిన నాలుగు ముక్కలూ కూడగట్టుకుని ఏదో అడిగింది. పడవామె చేతులతో చాలాసేపు చెప్పింది. ఒక అరచెయ్యి అడ్డంగా చాపి, దాని మీద ఇంకో చేతి వేళ్ళు నడిపించింది.

"ఏమంటోంది? ఎన్నాళ్ళుంటుందట?" అన్నాడు తమ్ముడు.

"నది మీద వంతెన కట్టారట. పడవతో ఇక పనిలేదట. పుట్టాక మొదటిసారి ఖాళీ దొరికిందట," అంది అక్క. "ఉండటానికి రాలేదురా. నా ఇల్లు నీ ఇల్లు అని చాలామంది ప్రయాణికులు చెప్పి పోయారట ఆమెకి. తాళంచెవి ఇచ్చింది నేనొక్కదాన్నేనట. అది నిజంగా తిరుగుతుందో లేదో చూద్దామని వచ్చిందట."

తమ్ముడు కిటికీలోంచి బయటికి చూశాడు. "తిరిగిందిగా. చూసిందిగా. ఇక మార్చు."

*

అక్క గుమ్మం దగ్గర చతికిలబడి సంచి విప్పింది. ఎన్ని దేశాల్లో ఎన్ని తాళాలు విప్పిందో, స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఇంత బరువనిపించలేదు. అయినా తమ్ముడి మాటలో తప్పు పట్టడానికి ఆమెకి ఎక్కడా సందు దొరకలేదు. దానం చెయ్యొచ్చు, నీ సొంతమైతే. పదిమంది తలదాచుకునే తలుపుని నువ్వొక్కదానివే దానమిస్తే దాన్ని ఏమంటారు?

మరలు ఒక్కొక్కటే తీసి తలుపు పక్కన పెట్టింది. తాళం పెట్టె ఊడి ఒళ్ళోకి వచ్చింది.

మరదలు మేడ మీద ఆరిన బట్టలు తేవడానికి బయల్దేరింది. పోతూ పోతూ అలవాటుగా తన చెప్పు ఒకటి విడిచి తలుపుకి అడ్డం పెట్టింది. అప్పటికి తలుపుకి తాళమే లేదు. అయినా పెట్టింది. ఒంటి చెప్పుతో కుంటుకుంటూ మెట్లెక్కింది.

అక్క ఆ చెప్పు వంక చూసింది.

ఎన్నేళ్ళనుంచి చూస్తోంది ఆ చెప్పుని. కూరలబండి వస్తే చెప్పు అడ్డం. చెత్త పారేయడానికి పోతే చెప్పు అడ్డం. తను ఎన్నిసార్లు దాన్ని దాటుకుంటూ లోపలికొచ్చింది, ఎన్నిసార్లు కాలితో పక్కకి తన్నింది. ఎందుకు పెడుతుందో ఒక్కసారి ఆలోచించిన పాపాన పోలేదు. దేశాలు తిరిగొచ్చినవాళ్ళ చుట్టూ జనం మూగి కథలు వింటారు. వాళ్ళు తిరుగుతున్నన్నాళ్ళూ ఇంట్లో గిన్నెలు తోమినదాన్ని బాగున్నావా అని అడిగే దిక్కుండదు. ఇదేం న్యాయమంటే, లోకం అంతే అంటారు. అంతే అన్న మాట వినపడిన చోటల్లా ఎవరిదో మెడ మీద ఎవరిదో కాలు ఉంటుంది.

మరదలు బట్టల మోపుతో దిగివచ్చింది. పడవామె కుర్చీలోంచి లేచింది. విప్పేసిన తాళాన్ని చూసింది, అక్క మొహం చూసింది, తమ్ముడి మొహం చూసింది. నది మనిషి, నీటి పోకడ చూసి లోతు చెప్పగలదు. మెడలోంచి తాడు తీసి, మరదలి దగ్గరికి వెళ్ళి, ఆమె చెయ్యి పట్టుకుని అరచేతిలో తాళంచెవి పెట్టింది. వేళ్ళు మూసింది. భయపెట్టినందుకు క్షమించమన్నట్టు తల వంచింది.

మరదలు వేళ్ళు తెరిచి చూసింది. చూస్తూనే ఉంది.

"ఇదా," అంది.

"ఏంటి ఇదా?" అన్నాడు తమ్ముడు.

"మనింటి తాళంచెవి ఇలా ఉంటుందా అని. ఇప్పుడే చేత్తో పట్టుకున్నా."

"అదేం మాట?"

"ఉన్నమాటే. మీకొకటి ఉంది, వదినకొకటి ఉంది. మామయ్య పోయాక ఆయనది అత్తయ్య తలగడ కింద ఉంది. లారీ డ్రైవరుకుంది, వంటామెకుంది, పోలీసుకుంది. నేను దేనికి పనికిరాకపోయానో గాని, నాకు మాత్రం లేదు."

తమ్ముడు తన జేబు తడుముకున్నాడు. "నువ్వెప్పుడడిగావు?"

"ఆకలేస్తోందని మీరడిగాకే అన్నం పెడుతున్నానా నేను?"

మంచం మీంచి అమ్మ అడ్డం వచ్చింది. "అది కాదే అమ్మాయ్. నువ్వెప్పుడూ ఇంట్లోనే ఉంటావుగా. ఇంట్లో ఉండేదానికి తాళంచెవి ఎందుకు?"

అమ్మ చెడ్డ మనసుతో అనలేదు. తన అత్తగారు తనతో అన్నమాటే అప్పగించింది. అందుకే అది ఇంకా గట్టిగా తగిలింది.

మరదలు అక్క పక్కన వచ్చి కూర్చుంది. బట్టల మోపు ఇంకా ఒళ్ళోనే ఉంది.

"వదినా, ఒకటడుగుతా. ఎవరికీ చెప్పకుండా ఒక కొత్త వీధిలోకి తిరిగితే ఎలా ఉంటుంది?"

అక్కకి దేశాల పేర్లు తెలుసు, దార్లు తెలుసు. దీనికి జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. "మొదట కాళ్ళు వణుకుతాయి," అంది. "తర్వాత వెనక్కి చూసుకుంటాం, ఎవరైనా పిలుస్తున్నారేమోనని. ఎవరూ పిలవరు. అప్పుడు ఊపిరి పెద్దగా వస్తుంది."

"ఊఁ."

"ఇంకోటి చెప్పాలి నీకు. ఈమె మంచం మీద జ్వరంతో పడున్నప్పుడు, చచ్చిపోతానేమో అనుకున్నా. అమ్మకెలా అన్న దిగులొచ్చింది. వెంటనే పోయింది. ఎందుకంటే ఇక్కడ ఎవరో ఒకరున్నారుగా అనుకున్నా. ఆ ఎవరో ఒకరు నువ్వే. ఊరుకాని ఊళ్ళో మంచినీళ్ళిచ్చిన ప్రతివాళ్ళకీ కూర్చుని చెవి కోసిచ్చా. నేను దేశాలు పట్టుకు తిరిగానంటే నువ్వు ఈ తలుపు పట్టుకు నిలబడ్డావు కాబట్టే. నీకు మాత్రం థాంక్స్ అన్న ముక్క కూడా చెప్పలేదు."

మరదలు కళ్ళు తుడుచుకోలేదు. అవి తుడుచుకోవాల్సినంత తడవలేదు. తాళంచెవి చీరచెంగున ముడేసుకోబోయి, మానేసి, పిడికిట్లోనే ఉంచుకుంది.

"తాళం బిగించు వదినా."

"లివర్లు మార్చొద్దా?" అన్నాడు తమ్ముడు.

"నా చెవి తిరగాలిగా," అంది మరదలు. "భయపడింది నేను. మీరు కాదు. మార్చాలో వద్దో నేను చెబుతా. ఇప్పుడు కాదు, వచ్చాక."

"వచ్చాకా? ఎక్కడికెళ్ళి వచ్చాక?"

 అక్క మరలు బిగిస్తోంది. ఆమె చెయ్యి ఇప్పుడు తేలిగ్గా ఆడుతోంది.  పడవామె వంగి, కింద దొర్లిన ఆఖరి మర ఏరి అందించింది.

మరదలు బట్టల మోపు తమ్ముడి చేతుల్లో పెట్టింది. అడ్డం పెట్టిన చెప్పు తీసి కాలికి తొడుక్కుంది. ఇప్పుడు రెండు కాళ్ళకీ చెప్పులున్నాయి. గడప దాటింది.

తలుపు పడింది. టక్కుమని మొదటి చుట్టు.

ఒక్క క్షణం ఆగి, రెండో చుట్టు.

"అదేంటి," అన్నాడు తమ్ముడు. మోపు కింద పడేసి వచ్చి బుడిపె తిప్పాడు. కదల్లేదు. జేబులోంచి తన తాళంచెవి తీశాడు, పెట్టడానికి లోపల కంత లేదు. తలుపు కొట్టాడు. "ఇదిగో, ఏమే. రెండు చుట్లు తిప్పావు."

"తెలుసండీ," అంది తలుపు అవతల గొంతు. "తిరుగుతుందో లేదో చూశా."

అడుగుల చప్పుడు. మేడ మీదికి కాదు, కిందికి.

ఇల్లంతా తాళాలవాళ్ళే. అందరి దగ్గరా తాళంచెవులే. ఒక్కరికీ తలుపు రాదు. పడవామెకి ముందు అర్థమైంది. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

"అక్కా, మరలు ఊడదియ్యి."

అక్క స్క్రూడ్రైవరు వంక చూసుకుంది. లేచి వెళ్ళి అమ్మ తలగడ కింద పెట్టింది. "యజమాని ఎదురుగా లేకుండా తాళం మీద చెయ్యి వేయకూడదురా. నాన్న కట్టు."

తమ్ముడు కిటికీకి పరుగెత్తాడు. వెనకే అక్క. కింద వీధి మలుపులో మరదలు నిలబడి ఉంది, పిడికిలి మూసి. కుడివైపు కూరల సందు, రోజూ పోయేదే. ఎడమవైపు ఆమె ఎప్పుడూ పోలేదు. వెనక్కి తిరిగి కిటికీ వంక చూసింది.

"పిలు," అన్నాడు తమ్ముడు. "నేను పిలిస్తే ఆగదు, నువ్వు పిలు అక్కా."

అక్క పెదవులు బిగించుకుంది.

మరదలు ఎడమవైపు తిరిగింది.

వంటింట్లోంచి కూర మాడుతున్న వాసన వచ్చింది. "ఒరే, పొయ్యి మీద ఏదో అడుగంటుతోంది," అంది అమ్మ. "ఎవరు చూస్తారురా?"

ఎప్పుడూ చూసే మనిషి మలుపు దాటేసింది. కింద పడున్న బట్టల మోపు మీంచి దాటుకుంటూ, గరిటె ఎక్కడుంటుందో తెలియక వెతుక్కుంటూ, తమ్ముడు వంటింట్లోకి నడిచాడు.